తూర్పు గ్యాలరీ గొంతు

నేను ఒక చేతి మైకును. పోలీసులు గుంపును పక్కకు జరపడానికీ, నాయకులు ఓట్లు అడగడానికీ నోటి ముందు పెట్టుకునే గరాటు లాంటి వస్తువును. తెల్లటి ఒళ్ళు, ఎర్రటి మూతి, పిడి దగ్గర ఒక మీట. మీట నొక్కితే మనిషి గొంతు పదింతలవుతుంది. మాట విలువ మాత్రం పెరగదు. అది నా చేతిలో లేదు.

ఢిల్లీ శివార్లలో ఒక చిన్న కర్మాగారంలో పుట్టాను. నన్ను బిగించిన అమ్మాయి పనిచేస్తున్నానో లేదో చూడటానికి నాలోకి ఒకసారి దగ్గి, అట్టపెట్టెలో పెట్టేసింది. సికింద్రాబాదు చేరాక నా మొదటి యజమాని వార్డు ఎన్నికల్లో నిలబడ్డ ఒక పెద్దమనిషి. ప్రతి గల్లీలో నల్లా నీళ్ళ గురించి ఒకే మాట చెప్పాడు. ఓడిపోయాక, మైకు సరిగ్గా వినపడకపోవడం వల్లే ఓడానన్నాడు. తర్వాత ఒక ఉల్లిగడ్డల బండివాడి దగ్గర చేరాను. అతడు తన కేకను నాలో ఒక్కసారి రికార్డు చేసి, అక్కడినుంచి నోరు మూసుకుని హాయిగా బండి తోసుకునేవాడు. నేనే ఎండల్లో అరిచేదాన్ని. చివరికి జుమ్మేరాత్ బజారులో నేల మీద పరిచిన దుప్పటి పైన, ఆగిపోయిన గోడ గడియారాల మధ్య పడుకుని ఉండగా కౌసల్య నన్ను చేతిలోకి తీసుకుంది.

కౌసల్యకు తిరుమలగిరిలో కర్రీ పాయింటు ఉంది. పొద్దున పప్పు, సాంబారు, రెండు కూరలు వండి, మధ్యాహ్నానికల్లా ప్యాకెట్లు కట్టి అమ్మేస్తుంది. యాభై దాటిన మనిషి, నడుస్తుంటే మోకాలు పట్టేస్తుంది. అయినా ఫుట్‌బాల్ అంటే ప్రాణం. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆమెను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బొల్లారంలో మ్యాచ్‌లకు తీసుకుపోయేవాడట. ఆట గురించి ఆమెకు ఉన్న అభిప్రాయాలన్నీ అక్కడివే. గాలి తగిలితే పడిపోయి కాలు పట్టుకుని దొర్లేవాడు ఆటగాడు కాదు. రెఫరీ చుట్టూ మూగి మీదిమీదికి పోయేవాడికి సిగ్గు లేదు. గోలు కొట్టి చొక్కా మీది ముద్రను ముద్దుపెట్టుకుని, వచ్చే ఏడాది ఇంకో జట్టుకు పోయేవాడి ముద్దు అబద్ధం. కూర కోసం వచ్చినవాళ్ళు ఇవన్నీ వినాలి. ఎదురు మాట్లాడితే వాళ్ళ ప్యాకెట్టు అందరికంటే చివర కట్టేది.

ఆమె జట్టు మూసీ రోవర్స్. స్టేడియంలో తూర్పు గ్యాలరీ ఆమెది. నన్ను కొన్నది దానికే. ముందు వరుసలో కడ్డీల దగ్గర నిలబడి ఆమె "మూసీ" అంటే, వెనక గ్యాలరీ మొత్తం "రోవర్స్" అనేది. పక్కన డప్పు కొట్టేవాడు యాదగిరి. పగలు మోటారు సైకిళ్ళు బాగుచేస్తాడు, వారం వారం గొంతు పాడుచేసుకుంటాడు. గెలిచిన రోజు ఒక ఆనవాయితీ ఉండేది. కెప్టెన్ పరుగున మా దగ్గరికి వచ్చి కడ్డీల మధ్యనుంచి చెయ్యి చాపితే కౌసల్య నన్ను అందించేది. అతడు నాలోకి జట్టు పేరు అరిస్తే గ్యాలరీ ఊగిపోయేది.

ఆ కెప్టెన్ పేరు నోయెల్. బొల్లారం కుర్రాడే, మైదానాల పక్కనే పెరిగాడు. అతడు బంతితో పరుగెత్తుతుంటే కౌసల్య నన్ను నోటి ముందు పెట్టుకుని కూడా అరవడం మర్చిపోయేది. ఆమె ఊపిరి చప్పుడొక్కటే నాలోంచి వచ్చేది.

ఆ ఏడాది మా జట్టు మొదటిసారి ప్లేఆఫ్స్‌కు వచ్చింది. సెమీఫైనల్ రెండు మ్యాచ్‌లు. మొదటిది గోవాలో, మాండవి స్టార్స్‌తో. గ్యాలరీ వాళ్ళంతా కర్రీ పాయింటులో టీవీ ముందు కూర్చున్నారు. నేను టీవీ పక్కన మేకుకు వేలాడుతున్నాను. ఆట ఒక్క గోలూ లేకుండా బిగుసుకుపోయింది. వాళ్ళ జట్టులో సావియో అని ఒక కొత్త కుర్రాడు, మీసం కూడా సరిగా రాలేదు, నోయెల్‌ను కదలనివ్వలేదు. ఒకసారి బంతి దూరంగా వెళ్ళిపోయింది. రెఫరీ దాని వెనక పరుగెత్తాడు. నోయెల్ మాత్రం వెనక్కి తిరిగి, కింద పడి ఉన్న సావియో చీలమండ మీద బూటుతో తొక్కాడు.

టీవీవాళ్ళు దాన్ని మళ్ళీ మళ్ళీ చూపించారు. పొరపాటున తగిలిన కాలు కాదు. చూసి, కాలెత్తి, తొక్కిన తొక్కు. ఆ పిల్లవాణ్ణి స్ట్రెచర్ మీద మోసుకుపోయారు. ఆట ఎవరూ గెలవకుండా ముగిసింది. అప్పుడు యాదగిరి నెమ్మదిగా, బతికిపోయినం, రెఫరీ చూడలేదన్నాడు. కౌసల్య టీవీ ఆపేసింది.

నోయెల్‌ను ఆడకుండా ఆపేస్తారేమోనని ఊరంతా భయపడింది. ఆపలేదు. రెఫరీ నివేదికలో లేనిదాన్ని మేం పట్టించుకోమని పోటీలు నడిపే పైవాళ్ళు తేల్చారు. నోయెల్ కూడా తప్పు ఒప్పుకోలేదు. క్లబ్బు వాళ్ళు అతడి ఫొటో పెద్దది వేసి, మన సింహం మనతోనే ఉందని రాయించారు. సావియోకు ఎముక విరిగిందన్న వార్త అదే రోజు వచ్చింది.

రెండో మ్యాచ్‌కు ముందు యాదగిరి షెడ్డులో గ్యాలరీ వాళ్ళు కూడారు. కౌసల్య నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, జట్టు కోసం అరుస్తాను గానీ నోయెల్ పేరు మాత్రం నా నోట రాదని చెప్పింది. వాళ్ళకు మొదట నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. అవతలి జట్లవాళ్ళు తొక్కలేదా అన్నారు. నువ్వు ఎవరి వైపు అన్నారు. యాదగిరి డప్పు పక్కన పెట్టి, బతిమాలుతున్నట్టుగానే అన్నాడు.

"అక్కా, ప్లేఆఫ్స్ అయినంక నీతులు మాట్లాడుకుందాం."

"అయినంక అంటే కప్పు చేతిల పడ్డంకనా? అప్పుడెవడు ఇంటడు?"

అందరూ నన్నే చూస్తున్నారు. ఆ చూపు నాకు నచ్చలేదు. ఉల్లిగడ్డల బండి మీద కూడా నన్ను ఎవరూ అలా చూడలేదు.

మ్యాచ్ రోజు గ్యాలరీ నిండిపోయింది. అవతలి మూల గోవా నుంచి వచ్చిన కొద్దిమంది నీలం చొక్కాలతో ముడుచుకుని కూర్చున్నారు. మావాళ్ళలో కొందరు వాళ్ళ వైపు తిరిగి ఒంటి కాలి మీద గెంతుతూ, సావియో నడకను వెక్కిరిస్తూ నవ్వారు. చుట్టుపక్కల వాళ్ళూ నవ్వారు. కౌసల్య చేతి చెమట నా పిడి మీదికి జారింది. ఆమె జట్టు పేరు అరుస్తూనే ఉంది. గ్యాలరీ "నోయెల్, నోయెల్" అన్నప్పుడల్లా మాత్రం నన్ను కిందికి దించేసేది. వెనకనుంచి ఎవరో ఆమె భుజం మీద గుద్దారు. తిరిగి చూడలేదు.

ఆట ముగిసే ముందు నోయెల్ గోలు కొట్టాడు. గెలిచాం, ఫైనల్‌కు చేరాం. నేను ఇంతకుముందు ఎన్నడూ వినని హోరు అది. ఆ హోరులోనే అతడు చొక్కా చేతిలో పట్టుకుని మా వైపు పరుగెత్తుకొచ్చాడు. నవ్వుతూ చెయ్యి చాపాడు.

కౌసల్య నన్ను గుండెకు ఆనించుకుంది. ఇవ్వలేదు.

అతడికి మొదట అర్థం కాలేదు. ఇంకాస్త ముందుకు చాపాడు. ఆమె వంగి, నాతో పని లేకుండా, అతడికి వినపడేంత గొంతుతో అన్నది.

"ఆ పిలగాని దగ్గరికి పోయి రా నాయనా. అప్పుడిస్త."

నోయెల్ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. చుట్టూ కెమెరాలున్నాయి. అతడు చెయ్యి వెనక్కి తీసుకుని, ఆమెను చూసి, నేల చూసి, తిరిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత గ్యాలరీ ఆమె మీద పడింది. కొట్టారని అనను. తోశారు, లాగారు, పండగ పాడుచేశావన్నారు. ఎన్ని చేతులు నా మీద పడ్డాయో తెలియదు. చివరికి నేను యాదగిరి చేతుల్లో ఉన్నాను. అతడు ఆమె వైపు చూడకుండా, "ఇంటికి పో అక్కా" అన్నాడు. చెప్పు ఒకటి ఊడిపోయిన కాలితో ఆమె మెట్లెక్కి వెళ్ళడం నేను చూశాను.

ఆ వారమంతా నేను యాదగిరి షెడ్డులో, స్పానర్ల పక్కన ఉన్నాను. ఫైనల్ మా ఊళ్ళోనే కాబట్టి షెడ్డుకు వచ్చిన ప్రతివాడూ దాని గురించే మాట్లాడేవాడు. కౌసల్య దగ్గర కూర కొనడం మానేశామని కొందరు గొప్పగా చెప్పారు. యాదగిరి విననట్టే పానా తిప్పేవాడు. ఒకనాడు పొద్దున అతడు టీ తాగుతూ పేపరు చదువుతుంటే, ఆటల పేజీలో అడుగున ఒక చిన్న వార్త కనపడింది. దాన్ని ఒక్కో మాట కూడబలుక్కుంటూ పైకి చదివాడు. గోవాలో సావియో ఎవరో విలేకరితో చెప్పాడట: నోయెల్ ఆసుపత్రికి వచ్చాడు, ఒక్కడే వచ్చాడు, కావాలనే తొక్కానని మా అమ్మ ముందు ఒప్పుకున్నాడు, చాలాసేపు కూర్చుని వెళ్ళాడు అని. యాదగిరి పేపరు మడిచాడు. మళ్ళీ విప్పి చదివాడు. ఆ పూట వచ్చినవాళ్ళలో ముగ్గురు నలుగురికి చూపించాడు గానీ, పోన్లే, ఫైనల్ సంగతి చెప్పు అన్నారు వాళ్ళు.

ఫైనల్ సాయంత్రం స్టేడియం దీపాల కింద పచ్చగా మెరిసింది. ఈశాన్యం నుంచి వచ్చిన జట్టు మావాళ్ళను ఊపిరి పీల్చుకోనివ్వలేదు. చెరో గోలు. అదనపు సమయమూ అయిపోయింది. ఇక పెనాల్టీలు. యాదగిరి గొంతు పూర్తిగా పోయింది. నాలోంచి గాలి మాత్రం వస్తోంది. చివరి పెనాల్టీ నోయెల్‌ది. కొడితే పోరు సాగుతుంది, తప్పితే కప్పు వాళ్ళది.

బంతి గోలు పై కడ్డీకి తగిలి, జనంలోకి ఎగిరిపోయింది.

ఎక్కడ మొదలైందో తెలియదు. అమ్ముడుపోయిండు అన్నాడొకడు. ఆ మాట వరుస నుంచి వరుసకు పాకి, పైకి చేరేసరికి రుజువైన నిజమైపోయింది. నీళ్ళ సీసాలు గాలిలోకి లేచాయి. కడ్డీలను పట్టుకుని ఊపుతున్నారు. మిగతా ఆటగాళ్ళు లోపలికి పరుగెత్తారు. నోయెల్ పరుగెత్తలేదు. చేతులు జోడించి మా గ్యాలరీ వైపే నడిచి వచ్చాడు. ఒక సీసా అతడి కనుబొమ్మకు తగిలింది. నెత్తురు కారింది. అతడు ఆగి, తుడుచుకుని, మళ్ళీ నడిచాడు. వారం కిందట అతడి పేరు పాడినవాడే ఒకడు యాదగిరి చేతిలోంచి నన్ను లాక్కుని, అతడి తల్లిని తిట్టాడు. నా గొంతుతో తిట్టాడు. అది స్టేడియం అంతా వినపడింది.

కడ్డీలు ఒకవైపు ఒరిగాయి. పోలీసులు లాఠీలు తీశారు.

అప్పుడు పై వరుసల్లోంచి, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ, మోకాలు ఈడ్చుకుంటూ కౌసల్య దిగి వచ్చింది. ఎవరికీ చెప్పకుండా మామూలు టికెట్టు కొనుక్కుని ఎక్కడో చివర కూర్చుందట. యాదగిరి ఆమెను చూశాడు. ఆ తిడుతున్నవాడి చెయ్యి మెలితిప్పి నన్ను లాక్కుని, ఆమె చేతిలో పెట్టి, బొంగురుగా అన్నాడు.

"నువ్వే మాట్లాడు. నా మాట ఇనరు."

ఆమె రొప్పుతోంది. మొదట ఊపిరే వినపడింది. తర్వాత మాట.

"తొక్కినంక ఈయన పేరు పాడిన్రు. ఇయ్యాల తల పగలగొడ్తున్నరు. అప్పుడు చేసింది తప్పు. నేను మైకు ఇయ్యలే. ఇయ్యాల ఈయన తప్పు చెయ్యలే. బంతి తప్పింది. అంతే."

ఒక సీసా నాకే తగిలింది. నా ఎర్రటి మూతి పగిలింది. కౌసల్య కదల్లేదు. పగిలిన నాలోంచే, "నోయెల్" అన్నది. ఎవరూ పలకలేదు. మళ్ళీ అన్నది. ఈసారి యాదగిరి, గొంతు లేనివాడు, డప్పు మీద ఒక్క దెబ్బ వేశాడు. మూడోసారి ఎవరో ఇద్దరు పలికారు, తర్వాత ఇంకొందరు. గ్యాలరీ మొత్తం పలికిందని చెప్పను. చాలామంది తిడుతూనే బయటికి నడిచారు. కానీ సీసాలు ఆగిపోయాయి. పోలీసులు లాఠీలు దించారు.

నోయెల్ కడ్డీల దాకా వచ్చాడు. కౌసల్య నన్ను అతడికి అందించింది. అతడు తల అడ్డంగా ఊపాడు, తీసుకోలేదు. కడ్డీల మధ్యనుంచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"సావియో ఒచ్చే సీజన్‌కు ఆడ్తడంట అక్కా. డాక్టరు చెప్పిండు."

ఆమె కొంగుతో అతడి కనుబొమ్మ మీద అదిమింది. కుట్లు పడ్తయి, పో, లోపలికి పో అన్నది.

ఆ రోజుతో నా గొంతు పోయింది. తీగ తెగిందో, లోపల ఇంకేమైందో. కౌసల్య రెండు దుకాణాల్లో చూపించింది, లాభం లేదన్నారు. కొన్నాళ్ళు కర్రీ పాయింటులో అదే మేకుకు వేలాడాను. కూర కొనడం మానేసినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఆమె వాళ్ళ ప్యాకెట్లు చివర కట్టింది. తర్వాత ఒక దసరాకు ముందు ఇల్లు దులుపుతూ, ఖాళీ నూనె డబ్బాలతో పాటు నన్నూ పాత సామాన్ల వాడికి ఇచ్చేసింది. ఇచ్చే ముందు దుమ్ము తుడిచింది. దానికి నేను చిన్నబుచ్చుకోలేదు. పలకని మైకును ఎవరు మాత్రం ఎంతకాలం ఉంచుకుంటారు?

ఇప్పుడు నేను ఒక స్క్రాపు దుకాణంలో, విరిగిన ఫ్యాన్ల గుట్ట పైన ఉన్నాను. యజమాని కాటా పక్కన ఫోను నిలబెట్టి ఆటలు చూస్తుంటాడు. అతడికి క్రికెట్టు తప్ప పట్టదు. నిన్న మాత్రం వాన వల్ల క్రికెట్టు ఆగిపోయి, ఏదో ఒకటి పెట్టుకున్నాడు. కొత్త సీజన్, హైదరాబాదులో మ్యాచ్, మాండవి స్టార్స్ మావాళ్ళతో ఆడటానికి వచ్చారు. ఆట సగం దాటాక వ్యాఖ్యాత, ఒక ఆటగాడు బయటికి వస్తున్నాడనీ, అతడి బదులు సావియో దిగుతున్నాడనీ చెప్పాడు. జనం ఒక్కసారిగా హోరెత్తారు. అది వెక్కిరింపో, చప్పట్లో ఆ చిన్న ఫోనులోంచి నాకు తెలియలేదు. చెవులు రిక్కించి వింటున్నాను. ఇంతలో వాన వెలిసింది. యజమాని క్రికెట్టు పెట్టేశాడు.