ట్రేలో అక్షింతలు

డాక్టర్ ఈశ్వరప్రసాద్ మీట నొక్కగానే కొత్త సీడీ ప్లేయర్ ట్రే మెల్లగా బయటికి వచ్చింది. అందులో ఉండాల్సిన సీడీ లేదు, పసుపు పూసిన బియ్యపు గింజలు నాలుగు ఉన్నాయి.

ఐదు నిమిషాల క్రితం ఇదే ప్లేయర్‌లో విన్నాననుకున్న వీణను పొగిడి పొగిడి ఆయన గొంతు బొంగురుపోయింది.

ఈశ్వరప్రసాద్ ఆస్ట్రేలియాలోని టూవూంబాలో ఇరవై ఏళ్ళుగా మత్తుమందు డాక్టరు. పగలంతా జనాన్ని నిద్రపుచ్చి, సాయంత్రం ఇంటికొచ్చి పాటలు వింటూ తాను మేలుకోవడం ఆయన సరదా. ఈ ప్లేయర్ కోసం మూడేళ్ళుగా కలలు కంటున్నాడు. బ్రిస్బేన్‌లో షాపువాళ్ళు వారాంతం ఇంట్లో విని చూడమని ఇచ్చారు. అయితే ఉంచుకోవాలో వద్దో తేల్చేది ఆయన కాదు, భార్య వసుంధర. ఆమె కూడా డాక్టరే, రుజువు లేనిదే మందు రాయదు.

"మన పాత డీవీడీ ప్లేయర్‌కీ దీనికీ తేడా, కంటితో చూడకుండా చెప్పండి. చెప్పగలిగితే ఉంచుకోండి. లేదంటే సోమవారం అది షాపుకి, మీరు డ్యూటీకి" అంది.

ఆ డీవీడీ ప్లేయర్ వాళ్ళమ్మాయి లాస్య కార్టూన్లు చూసిన కాలం నాటిది. దాని మీద డైనోసార్ స్టిక్కర్ ఇంకా ఉంది.

పరీక్ష నడిపింది శేషాచలం మాస్టారు. యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. నిన్న బ్రిస్బేన్ నుంచి ప్లేయర్‌ని తన కార్లో తెచ్చి, రాత్రి తన ఇంట్లో ఉంచి, ఈ పొద్దున ఇక్కడికి చేర్చింది కూడా ఆయనే. రెండు ప్లేయర్లకూ ముందు దుప్పటి కట్టారు. ఒకే వీణ సీడీ, రెండు కాపీలు. ముందు 'ఎ', తర్వాత 'బి'. ఏది ఏదో దుప్పటి వెనక కూర్చున్న మాస్టారికి తప్ప ఎవరికీ తెలియదు.

తీర్పు చెప్పేవాళ్ళు ఇద్దరు: ఈశ్వరప్రసాద్, హాస్పిటల్లో కంప్యూటర్లు చూసే భార్గవ్.

'ఎ' మోగినంతసేపూ ఈశ్వరప్రసాద్ కళ్ళు తెరవలేదు. "వీణ మెట్టు మీద వేలిగోరు జారడం వినిపించింది భార్గవ్. గోరు" అన్నాడు.

"బేస్ చాలా టైట్‌గా ఉందంకుల్. వీణ రైట్ సైడ్ సోఫా దగ్గర కూర్చున్నట్టుంది."

'బి' మొదలైన అర నిమిషానికే డాక్టర్ చెయ్యెత్తి ఆపమన్నాడు. "వీణ మీద తడి తువ్వాలు కప్పారు. నాకు తలనొప్పి వస్తోంది."

ఇద్దరూ 'ఎ'యే కొత్తదన్నారు. ఈశ్వరప్రసాద్ లేచి, దుప్పటి లాగేసి, కొత్త ప్లేయర్‌ని పసిబిడ్డలా రెండు చేతులా ఎత్తుకున్నాడు. లోపల ఏదో గలగలమంది. కిందపెట్టి మీట నొక్కాడు. గింజలు బయటపడ్డాయి.

"ఎవరూ ముట్టుకోకండి" అంది వసుంధర. పట్టకారు తెచ్చి, నాలుగు గింజల్నీ టిష్యూ మీదికి తీసింది. తర్వాత దుప్పటి కట్టిన చోట తొంగిచూసింది. ఒక సీడీ డీవీడీ ప్లేయర్‌లోనే ఉంది. రెండోది డబ్బాలో ఉంది, పైన ప్లాస్టిక్ కాగితం కూడా చింపలేదు.

ఆ సంగతి ఆమె అప్పుడే బయటపెట్టలేదు. ఈలోగా అందరి చూపులూ మాస్టారి భార్య అలివేలు వైపు తిరిగాయి. హాస్పిటల్లో నర్సు. ఆమె బొట్టు పెట్టకుండా ఊళ్ళో ఏ తెలుగింటి బార్బెక్యూ పొయ్యీ వెలగలేదు. నేల ఊడ్చే రోబో కొన్నా ముందు ఆమెకే ఫోన్ చేస్తారు.

"అలివేలు గారూ, మీరు గానీ..." అన్నాడు ఈశ్వరప్రసాద్.

"నేనెక్కడ పెట్టాను డాక్టర్ గారూ? నిన్న సాయంత్రం నుంచి ఈ పొద్దుటి దాకా వార్డులోనే ఉన్నా. అసలు మా ఇంట్లో వస్తువులకి బొట్టు పెట్టనిస్తారా ఈయన? కారు కొని ఆరేళ్ళైంది. దాని మొహాన ఒక్క చుక్క లేదు."

అది నిజం. ప్రతి దసరాకీ తెలుగు అసోసియేషన్ వాళ్ళు కార్లకు పూజ చేస్తుంటే, పార్కింగ్ గేటు దగ్గర నిలబడి మాస్టారు కరపత్రాలు పంచుతారు. 'యంత్రానికి సర్వీసింగ్ చాలు' అని పైన, కింద ఆయన సంతకం.

అలివేలు కళ్ళజోడు పెట్టుకుని టిష్యూ మీదికి వంగింది.

"ఇవి అక్షింతలేంటి, నా మొహం. నూకలు. విరిగిన బియ్యంతో ఎవరైనా అక్షింతలు కలుపుతారా? రోజూ పూజ చేసుకునేవాళ్ళ పని కాదిది."

"అంటే ఆంటీ, చేసినవాళ్ళకి ప్రాసెస్ తెలీదు" అన్నాడు భార్గవ్.

అలివేలు గింజని వేలితో దొర్లించింది. "ఇవి మా పెరట్లో కోళ్ళకి వేసే నూకలు" అంది నెమ్మదిగా.

వసుంధర సీడీ డబ్బా తీసి టీపాయ్ మీద పెట్టింది. "మాస్టారూ, కాగితం చింపకుండా సీడీ ఎలా మోగించారు?"

శేషాచలం టీ కప్పు కింద పెట్టాడు.

"నేనేనమ్మా. మొత్తం నేనే. నిన్న బ్రిస్బేన్ నుంచి వస్తూ కొండెక్కుతుంటే ఒక ట్రక్కు అడ్డమొచ్చింది. బ్రేకు వేశాను. డిక్కీలో పెట్టె ఈ చివర నుంచి ఆ చివరికి పోయి గుద్దుకుంది. నా వస్తువైతే వేరే సంగతి. ఇంటికెళ్ళి స్విచ్ వేస్తే లైటు వెలిగింది, ట్రే వచ్చింది. అక్కడితో ఊరుకోవాలి. ఊరుకోలేకపోయాను. దేవుడి గూట్లోంచి కుంకుమ తెచ్చి బొట్టు పెట్టాను. బొట్టు పెట్టాక అక్షింతలు వెయ్యకపోతే సగం పనిలా అనిపించింది. బియ్యం ఎక్కడుంటాయో నాకు తెలీదు, కోళ్ళ డబ్బా కనిపించింది, అందులో నూకలకే పసుపు కలిపాను. చల్లేటప్పుడు కళ్ళు మూసుకున్నాను. ట్రే తెరిచే ఉంది. పొద్దున బొట్టు తుడిచి, కనిపించిన గింజలు ఏరి, నా సీడీ ఒకటి పెట్టి చూశాను. డిస్క్ లేదు అంటుంది. చెబుదామనుకున్నాను. ఆ కరపత్రం మీద సంతకం నాది, ఏ నోటితో చెప్పను? అందుకే 'ఎ'కీ పాతదే వేశాను, 'బి'కీ పాతదే వేశాను. రెండూ ఒకటేగా అని ఎవరో ఒకరంటారు, అప్పుడు ఒప్పేసుకుందామని దుప్పటి వెనక కాచుక్కూర్చున్నాను. ఎవరూ అనలేదు. ప్రసాద్, గోరు విన్నదీ తువ్వాలు విన్నదీ ఆ డైనోసార్ దాంట్లోనే. వసుంధర పెట్టిన పందెం ప్రకారం సోమవారం ఇది షాపుకి పోవాలి. నేనే తీసుకెళ్తాను, నూకల సంగతి వాళ్ళకి నేనే చెప్పుకుంటాను. అలివేలూ, అట్లా చూడకు. మళ్ళీ ఆ కొండే దిగాలి. బయల్దేరే ముందు కారుకి బొట్టు నువ్వు పెట్టు. బియ్యం కూడా నువ్వే తియ్యి."