లైను సఫాయి

ఇష్రత్ స్నానాల గదిలో చిన్న పీట మీద కూర్చుని మొగుడి డ్యూటీ బట్టలు ఉతుకుతోంది. ఇంట్లో వాషింగ్ మిషను ఉంది. ఈ బట్టల్ని మాత్రం అందులో వేయదు. పోయినసారి వేస్తే ఆ వాసన తర్వాత వేసిన దుప్పట్లకు పట్టింది, పుట్టబోయే బిడ్డ కోసం తెచ్చుకున్న మెత్తటి గుడ్డలకూ పట్టింది.

జేబు తిరగేసింది. రక్తంతో అతుక్కున్న ఈకలు ముద్దగా వచ్చాయి. వాటితో పాటు తెల్లటి పురుగు ఒకటి నీళ్లలో పడి మెలికలు తిరిగింది. ఆమె తలుపు చట్టం పట్టుకుని లేచి, బేసిన్ దగ్గర కక్కుకుని, నోరు పుక్కిలించి మళ్లీ వచ్చి కూర్చుంది. ఏడో నెల మనిషి. ఈమధ్య ఏ వాసనా పడటం లేదు. ఇదైతే ఎవరికీ పడే వాసన కాదు.

దిలావర్‌ది రాయచోటి దగ్గర పల్లె. సౌదీలో నజ్రాన్‌కు ఉత్తరాన ఉన్న ఈ చిన్న ఊళ్లో, కరెంటు లైన్లు వేసే కాంట్రాక్టు కంపెనీలో పికప్ నడుపుతాడు. ఊరు దాటగానే మహ్మియా మొదలవుతుంది. వేట, మేపు నిషేధించి ప్రభుత్వం కాపాడుతున్న నేల అది. దాని అంచున పాత లైను ఒకటి ఉంది. చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చే పెద్ద గద్దలకు అక్కడ వాలడానికి చెట్టు లేదు. స్తంభాల మీదే వాలతాయి. లేవబోతూ రెక్క విప్పితే తీగ తగిలి, కాలి కింద పడతాయి.

ఆ లైను నుంచే ఇప్పుడు మహ్మియా లోపల కడుతున్న డేరాల రిసార్టుకు కొత్త లైను లాగాలి. పెద్ద పనైతే పరిశీలనకే చాలాకాలం పడుతుంది. అందుకని కంపెనీ ఒకే లైనును కాగితం మీద ముక్కలు చేసింది. ముక్క చిన్నది కనుక పని చిన్నది. చిన్న పనికి ప్రభుత్వ వన్యప్రాణి ఆఫీసువాళ్లు వచ్చి ఒకసారి చూసిపోతే చాలు. జీవాలకు హాని కనబడకపోతే పని మొదలవుతుంది. కనబడితే దారి మార్చాలి, స్తంభం స్తంభానికీ రబ్బరు తొడుగులు వేయాలి. ముదీర్ గారు, అంటే కంపెనీ మేనేజరు, మధ్యాహ్నం తాగి పారేసే కాఫీల ఖర్చు కూడా కావు ఆ తొడుగులని లైన్‌మెన్లు నవ్వుకుంటారు.

కనబడకుండా చేయడం దిలావర్ పని. చూసేవాళ్లు వచ్చే రోజు పొద్దున్నే పాత లైను వెంబడి బండి నడుపుతూ, చచ్చిన గద్దల్ని సిమెంటు సంచుల్లోకి ఎత్తుకుని, బండి ఉంటే తప్ప చేరలేనంత దూరంలో ఉన్న వాదీకి, ఆ ఎండిన వాగుకు, తీసుకుపోయి ఇసుకలో పూడ్చి రావాలి. కంపెనీలో దానికి సఫాయి అని పేరు. నక్కలు రాకుండా అని మొదటిసారి చెప్పారు. దిలావర్ నమ్మినట్టు ఊరుకున్నాడు.

ఈ రోజు పొద్దున సఫాయి నుంచి వస్తూ అతను అరటిపళ్ల అట్టపెట్టె ఒకటి తెచ్చి వంటగది మూల పెట్టాడు. ఇష్రత్ మూత ఎత్తి చూసింది. గద్ద. ఒక రెక్క కొస కాలిపోయి ఎముక బయటపడింది. ఒక కాలు బొగ్గయింది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

"సచ్చిందనుకోని సంచిలో ఏసినా," అన్నాడు దిలావర్. "మన్నేస్తాంటే కదిలింది. ప్రాణమున్నదాన్ని పూడ్చేదెట్లా?"

ఇష్రత్ దాన్ని చూస్తూనే అడిగింది.

"ఇన్నాళ్లూ పూడ్చినవన్నీ సచ్చినాయేనా? సూసే పూడ్చినావా?"

దిలావర్ పెట్టె మూత వేశాడు. బట్టలు విప్పి ఆమె చేతికిచ్చి, లుంగీ చుట్టుకున్నాడు.

ఉతికిన బట్టల్ని కిటికీ బయటి తీగ మీద వేస్తుంటే సందు చివర మసీదు, దాని ఎదురుగా అద్దె గదుల హోటలు కనబడ్డాయి. హోటలు ముందు ఆఫీసువాళ్ల తెల్ల బండి ఆగి ఉంది. రాత్రే దిగారట. ఒక సౌదీ ఆమె, ఆమెతో ఇంకొకాయన. మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజు తర్వాత లైను చూడటానికి వెళతారు.

ఆలోపు ఉదయకిరణ్ భోజనానికి వచ్చాడు. తణుకువాడు. కంపెనీలో పర్యావరణం ఆఫీసరు. లైను వల్ల జీవాలకు హాని ఉందో లేదో కంపెనీ తరఫున రాసేది అతనే. దిలావర్ ఇకామా, ఈ దేశంలో ఉండటానికిచ్చే పర్మిట్, ఈ నెలతో అయిపోతుంది. అది రెన్యూ కాకపోతే ఇష్రత్‌ది కూడా పోతుంది, ఇన్సూరెన్సు పోతుంది, కాన్పుకు ఏ ఆసుపత్రీ చేర్చుకోదు. ముదీర్ దగ్గర ఆ మాట ఎత్తగలిగిన తెలుగువాడు ఉదయకిరణ్ ఒక్కడే. అందుకే ఈ భోజనం.

నేల మీద సుఫ్రా గుడ్డ పరిచి కుష్కా అన్నం, కోడికూర వడ్డించింది. అతను ఎముకను పగలగొట్టి లోపలి మూలుగ పీల్చి, పిప్పిని పళ్లెం అంచున పేర్చాడు.

"ఈ కుష్కా కోసమైనా మీ ఆయన్ని కంపెనీలో ఉంచాలి చెల్లెమ్మా," అన్నాడు.

దిలావర్ నవ్వబోయి మానేశాడు. రిపోర్టు రాత్రే టైపు చేసేశానని, ఇంపాక్ట్ నిల్ అని పెట్టానని, ఈ సైట్ విజిట్ ఉత్త ఫార్మాలిటీ అని ఉదయకిరణ్ చెప్పుకుపోయాడు. చెబుతూనే ఇంకో ముక్క వేయమన్నాడు. ఇష్రత్ వేసింది. అతని వేళ్ల మధ్య నూనె మెరుస్తోంది.

వంటగదిలో పెట్టె గీరిన చప్పుడైంది. ఆగి, మళ్లీ గీరింది.

ఉదయకిరణ్ ఎంగిలి చేత్తోనే లేచివెళ్లి చూశాడు. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని తిరిగొచ్చి కూర్చున్నాడు. కోప్పడలేదు.

"ఏంటి దిలావరూ, పని సగంలో వదిలేస్తే ఎలా? రక్షిత పక్షి. ఇంట్లో దొరికిందంటే కేసు నీ మీద పడుద్ది, కంపెనీ మీద కాదు. నువ్వే పట్టావంటారు."

"కరెంటుకు కాలిండాది సార్. సూస్తే తెలుస్తాది."

"ఎవరు చూస్తారయ్యా? బండెక్కించి వాదీకి తీసుకుపో. పార బండిలోనే ఉందిగా. తినేది తిని పోదువులే, తొందరేం లేదు. నువ్వొచ్చేసరికి ముదీర్‌తో నీ ఇకామా మాట ఎత్తుతా." తర్వాత ఇష్రత్ వైపు తిరిగి, "పెరుగుందామ్మా?" అన్నాడు.

ఇష్రత్ పెరుగు గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది. మొగుడితో, గొంతు పెంచకుండా అంది:

"ఆ బట్టలు నేనింక ఉతకను. కాన్పు ఊళ్లో మా అమ్మ కాడ అయితాది."

ఉదయకిరణ్ నవ్వాడు. కడుపుతో ఉన్నవాళ్లకు చిరాకు మామూలేనని, తన భార్య కూడా ఇంతేనని అన్నాడు. పెరుగు కలుపుకున్నాడు.

దిలావర్ పళ్లెంలోని అన్నం అలాగే ఉంది. అతను చెయ్యి కడుక్కుని వచ్చి మేకుకు తగిలించిన పికప్ తాళాలు తీశాడు. ఉదయకిరణ్ తల ఊపాడు. దిలావర్ ఆ తాళాల్ని సుఫ్రా మీద, అతని పళ్లెం పక్కన, నమిలిన ఎముకల దగ్గర పెట్టాడు.

ఉదయకిరణ్ ముద్ద నోటి దగ్గరే ఆగింది.

కంపెనీ బట్టలు బయట తీగ మీద నీళ్లు కారుతున్నాయి. దిలావర్ లుంగీ మీదే చొక్కా తొడుక్కుని, వంటగదిలోకి వెళ్లి అట్టపెట్టెను రెండు చేతులతో గుండెకు ఆనించి ఎత్తుకొచ్చాడు. గద్ద కదిలితే కాసేపు నిలబడ్డాడు. ఇష్రత్ తలుపు తీసి పట్టుకుంది. మసీదు వైపునుంచి అసర్ అజాన్ మొదలైంది. అతను చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, గడప దాటి హోటలు ముందున్న తెల్ల బండి వైపు నడిచాడు.