కోయని దొండకాయలు

మనోహర్ సంవత్సరీకం భోజనాలయ్యాక ఉమామహేశ్వరి వచ్చినవాళ్లందరి చేతుల్లో తలా ఒక దొండ తీగ ముక్క పెట్టింది, తడి పేపర్ టవల్‌లో చుట్టి. ఇలాంటి రోజున ఆ ఇంటి నుంచి ఏదీ పట్టుకెళ్లకూడదని తెలిసినా, భర్త పోయిన మనిషి మాట కాదనలేక తీసుకున్నారు. పక్కింటి దమయంతి మాత్రం చెయ్యి చాపలేదు.

"నాకొద్దు ఉమగారూ. ఎవరికీ ఇవ్వకండి కూడా."

"ఆయన చేత్తో నాటిన తీగండీ. పదిళ్లలో బతుకుతుందని ఇస్తున్నాను."

"బతకడానికేం, భేషుగ్గా బతుకుతోంది. రండి, చూపిస్తా."

పెరటి తలుపు తీసుకుని ఫెన్సు దాకా విసవిసా నడిచింది. అవతల కౌంటీ పార్కు. దమయంతి శనివారాలు అక్కడ వాలంటీరుగా కలుపు తీస్తుంది. రెండు ఓక్ చెట్లు మొదలు నుంచి చివరి కొమ్మ దాకా దొండాకులో మునిగి ఉన్నాయి. ఆ ఆకు కింద వాటి సొంత ఆకు ఎండిపోయింది.

"గుంటూరులో మా పెరట్లోనూ ఉండేది. ఎవరి పీకా నొక్కలేదు," అంది ఉమామహేశ్వరి.

"అక్కడ దాన్ని తినే పురుగులున్నాయి. ఇక్కడ ఒక్కటీ ముట్టదు. చలికి చద్దామన్నా ఇది ఫ్లోరిడా."

"మొదట్నుంచీ మీకు మా ఇల్లంటే కడుపుమంట."

"ఇంటి మీద కాదు, ఈ తీగ మీద. కాపు బాగుంటుందని మీ ఆయన మగ తీగ కూడా తెచ్చి నాటారు, దాంతో కాయల్లో మొలకెత్తే గింజలు పడ్డాయి. అయినా ఆయనున్నన్నాళ్లు ఒక్క కాయ పండనివ్వలేదు, పొద్దున్నే కోసేసేవారు. మీరు కోయడం మానేశారు. పండ్లు పిట్టలు తిన్నాయి, గింజలు అక్కడ పడ్డాయి."

ఉమామహేశ్వరి వెనక్కి తిరిగి ఇంట్లోకి నడిచింది. ఆయన లేకుండా ఆ కూర వండడం ఆమెకు చేతకాలేదు. కాయలు ఎర్రబడుతుంటే, తీగ సుఖంగా ఉందనుకుంది.

వాకిట్లో అప్పటికే అందరూ చెప్పులు వేసుకుంటున్నారు.

"నమ్రతా, అది ఇలా ఇచ్చెయ్యమ్మా," అంటూ ఉమామహేశ్వరి ముందున్న అమ్మాయి వైపు చెయ్యి చాపింది.

"అయ్యో, ఏమైంది ఆంటీ? కుండీ కూడా ఆర్డర్ చేసేశా."

"అందులో ఇంకేదైనా వేసుకో."

ఇచ్చినదాన్ని తిరిగి అడగడం ఆమె ఎరగదు. ఒక్కొక్కరి ముందూ నిలబడి అడిగింది. దమయంతి చెత్త సంచి తెరిచి పట్టుకుని వెనకే నడిచింది.

చివరి ముక్క పడ్డాక దమయంతి గొంతు తగ్గించింది. "దుంప లోతుగా ఉంటుంది. రేపు పార తీసుకుని నేనొస్తా."

"పార్కులోది మీరు పీక్కోండి. ఇక్కడిది నేను తవ్వుతాను. నా పెరట్లో కాలు పెట్టకండి," అని ఉమామహేశ్వరి సంచి లాక్కుని, తనే ముడి వేసింది.