యాడ కూచోనైనా చేసుకోవచ్చు

"ల్యాప్‌టాపే తీసుకో మే. యాడ కూచోనైనా చేసుకోవచ్చు," అన్నాడు ఓబుళేశు, సంగటి ముద్ద విరుచుకుంటూ. ఆయన నా మొగుడు. ఆ మాట అన్నప్పుడు ఆయన కూర్చుని ఉన్నాడు, మా అత్త సుబ్బరత్నమ్మ కూర్చుని ఉంది, ఎనిమిదో తరగతి చదివే మా శివాని కూర్చుని ఉంది. నేను ఒక చేతిలో పప్పుగిన్నె, ఇంకో చేతిలో నెయ్యి పట్టుకుని నిలబడి, ఎవరి పళ్ళెంలో ఏది అయిపోతుందా అని ముగ్గురి మీదా కళ్ళు తిప్పుతున్నాను.

ఆ సోమవారం నా పాత ల్యాప్‌టాప్ పూర్తిగా పడుకుంది. మా తమ్ముడు వాడి వాడి ఇక చాలనుకుని నాకిచ్చింది అది. మూత కీలు విరిగిపోతే నాలుగేళ్ళుగా బియ్యం డ్రమ్ముకో, గోడకో ఆనించి నడిపించాను. నేను శుభలేఖలు తయారు చేస్తాను. పెళ్ళి, ఓణీల ఫంక్షన్, గృహప్రవేశం, చివరికి పెద్దకర్మ కార్డు కూడా. మా కమలాపురంలో ఒకటి, ఎర్రగుంట్లలో ఒకటి, కడపలో రెండు ప్రెస్సులు వాట్సాప్‌లో మేటర్ పంపితే నేను కార్డు దిద్ది తిరిగి పంపుతాను. ముత్తాత పేరు రెండో వరసలోకి పోయిందనీ, మేనమామ పేరు చిన్నక్షరాల్లో వచ్చిందనీ ఒకే కార్డును పదకొండుసార్లు మార్పించిన వాళ్ళున్నారు. తల్లి పేరు సరిగా పడిందా అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ ఫోన్ చేయలేదు. ఇదంతా పని కాదట. తన ఎరువుల అంగట్లో ఎవరైనా అడిగితే మా ఆయన "ఊరికే ఉండలేక ఏవో కార్డులు చేస్తాంటాది" అంటాడు. కమలాపురం ప్రెస్ యేసుప్రసాద్ దగ్గర నా నంబరు ఉంది. అయినా ఆర్డరు వస్తే మా ఆయనకే ఫోన్ చేసి, "వదినకు చెప్పన్నా" అంటాడు.

యాడ కూచోనైనా. ఆ మాట నా చెవుల్లో తిరుగుతూనే ఉంది. పదేళ్ళుగా నేను కూర్చున్నది అక్కడే కదా, ఎక్కడైనా. కుక్కర్ విజిళ్ళు లెక్కపెట్టుకుంటూ పొయ్యి గట్టు పక్కన నిలబడి పెళ్ళి ముహూర్తాలు కొట్టాను. నీళ్ళ ట్యాంకరు వస్తుందేమోనని మెట్ల మీద కూర్చుని పెళ్ళి కార్డుకు మామిడాకుల అంచు కట్టాను. మంచం మీద పెట్టుకుంటే కాళ్ళు తగులుతున్నాయంటాడు ఆయన. డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుంటే "అన్నం తినేతావ కరెంటు వస్తువులేంది" అంటుంది అత్త. ఎవరైనా వస్తే మూసి చంకలో పెట్టుకుని లేస్తాను. లేచిన చోట మళ్ళీ కూర్చోను, ఎందుకంటే ఆ లోపల అక్కడ ఎవరో కూర్చుంటారు. ఈ ఇంట్లో విత్తనాల సంచులకు ఒక గది ఉంది. ఏడాదికి రెండుసార్లు వచ్చే ఆడబిడ్డకు తాళం వేసిన గది ఉంది. ఆయన హెల్మెట్‌కు, పాత పేపర్లకు హాల్లో కిటికీ పక్కన ఒంటి సోఫా ఉంది. నేను మాత్రం చోటు వెదుక్కోవాలి. నాకు ఒళ్ళు మండింది. నెయ్యి గిన్నె కింద పెట్టేశాను.

"డెస్క్‌టాప్ తీసుకుంటే?" అన్నాను.

"దానికి టేబులు, కుర్చీ, ఆ పెద్ద డబ్బా. జాగా యాడుండాది? ఇంటర్నెట్ సెంటర్ పెడతాండావా ఏంది?" అని నవ్వాడు. చెడ్డగా నవ్వలేదు. ఆయన ఎప్పుడూ చెడ్డగా నవ్వడు, అదే కష్టం.

అప్పుడు అత్త చేయి కడుక్కుంటూ అంది. "చిన్నదే తీసుకోనీరా. పెద్దదైతే ఇంట్లోనే ఉంటాది. ఆ మూడు దినాలు దాన్ని తాకేదానికి ల్యా. చిన్నదైతే వరండాలో పెట్టుకోని చేసుకుంటాది, పనీ నిలబడదు."

ఎంత ముందుచూపు. నాకు ముట్టయిన మూడు రోజులు మా ఇంట్లో నేను వరండాలో ఉండాలి. చాప, పళ్ళెం, గ్లాసు వేరే. నేను పుట్టి పెరిగింది డోన్‌లో, రెండు గదుల రైల్వే క్వార్టర్లో. దూరంగా ఉండాలంటే మా అమ్మ పట్టాల మీద కూర్చోవాలి, అంచేత ఆ సంగతే ఎత్తేది కాదు. ఇక్కడికి వచ్చిన మొదటి నెల చాప చూపించినప్పుడు నేను నవ్వాను, ఎగతాళి చేస్తున్నారనుకుని. తర్వాత నవ్వలేదు. వరండా వీధిలోకే ఉంటుంది. యూరియా కోసం వచ్చిన రైతులు గేటు తీసి, "ఏమ్మా, ఓబుళేశప్ప ఉండాడా" అని రెండడుగులు వేసి, చాప చూసి, గోడవారగా జరిగి నిలబడతారు. పాలు పోసే ఆయనకు నా తేదీ తెలుసు. ఎదురింటి వరమ్మకు తెలుసు, ఒక నెల రెండు రోజులు ఆలస్యమైతే "ఏమన్నా విశేషమా" అని గేటు దగ్గరే అడిగింది.

నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఆ మూడు రోజులూ నేను దేవుడి గది గడప వైపు చూడకూడదు. కానీ అదే చాప మీద కూర్చుని వినాయకుణ్ణి కార్డు నడిమధ్యకు జరుపుతాను, లక్ష్మీదేవికి పసుపు రంగు పెంచుతాను, మంగళసూత్రం బొమ్మను పెద్దది చేసి చిన్నది చేస్తాను. ఆ కార్డులకు జనం పసుపు కుంకుమ రాసి దేవుడి ముందు పెట్టుకున్నారు. ఆ జంటలకు పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికి పోతున్నారు. ఒకసారి అత్తనే అడిగాను, ఇది పరవాలేదా అని. "కంప్యూటర్‌లో దేవుడు వేరే" అంది. వంట మైలపడుతుంది, పని మైలపడదు. వంట తప్పింది కదా, తీరిగ్గా ఉంటావని ఆ మూడు రోజులకే ఎక్కువ కార్డులు ఒప్పుకునేవాడు మా ఆయన.

ఇవన్నీ నాకు పాతవే. అలవాటైన చెప్పులాగా కరుస్తున్నా నడుస్తున్నాను. ఆ రోజు కూడా ఊరుకునేదాన్నేమో. కానీ అత్త ఇంకో మాట అంది, శివాని తల నిమురుతూ, ప్రేమగానే. "రేపో మాపో ఈ బంగారు గూడా పెద్దమనిషి అయితాది. దానికీ పనికొస్తాది చిన్నది. వరండాలో కూచోని చదువుకోవచ్చు."

శివాని తల ఎత్తలేదు. అన్నం కలుపుతున్న చేయి మాత్రం ఆగిపోయింది. కాసేపటికి పళ్ళెం తీసుకుని లేచి పోయింది, సగం అన్నం అలాగే ఉంది. వాళ్ళ నాన్న "ఏమైంది దీనికి" అన్నాడు. ఏమైందో నాకు తెలుసు. పాలాయనా, వరమ్మా, యూరియా రైతులూ దాని కళ్ళ ముందు వరసగా నిలబడ్డారు. ఇన్నాళ్ళూ నేను చాప మీద కూర్చోవడం నా ఒక్కదాని సంగతే అనుకున్నాను, ఎంత తెలివితక్కువదాన్ని. శివాని అదంతా చూస్తూ పెరిగింది. నేను కూర్చున్న చోటనే దానికీ జాగా పట్టి పెట్టాను.

శనివారం కడప పోయాం. ఏడురోడ్ల దగ్గర రబ్బానీ అంగడి, కంప్యూటర్లు అమ్ముతాడు, బాగు చేస్తాడు. మా ఆయన ముందు నడిచాడు, నేను వెనక. "ఏం పనికన్నా, అంగడి లెక్కలకా?" అని రబ్బానీ ఆయన్నే అడిగాడు. "లేదప్పా, మా ఆడమనిషి కార్డులు చేస్తాది. ల్యాప్‌టాప్ చూపీ."

రబ్బానీ నా వైపు తిరిగాడు. "అక్కా, ఏంట్లో చేస్తారు, ఫోటోషాపా, కోరల్ డ్రానా? దినానికి ఎన్ని గంటలు కూచుంటారు?"

పదేళ్ళలో నా పని గురించి నన్నే అడిగిన మొదటి మనిషి. రెండూ వాడతానని చెప్పాను. గంటలు చెబుతుంటే మా ఆయన నా ముఖం చూశాడు, ఎవరి గురించో వింటున్నట్టు.

"అన్ని గంటలైతే డెస్క్‌టాప్ మేలక్కా. అదే రేటుకు దీంట్లో దమ్ము ఎక్కువ, తెర పెద్దది, మెడ వంచే పని ల్యా. ఏదన్నా పోతే ఆ ఒక్క ముక్క మార్చుకోవచ్చు. కరెంటు పోతే ఆగిపోకుండా యూపీఎస్ ఒకటి పెట్టుకోవాల. ఊర్లు తిరిగేటోళ్ళకు ల్యాప్‌టాప్, ఒకతావ కూచోని చేసేటోళ్ళకు ఇది. మీరు యాడ కూచుంటారు?"

"ఒకతావే," అన్నాను. పచ్చి అబద్ధం. ఇంటికి పోయాక నిజం చేయాల్సిన అబద్ధం.

మా ఆయన నన్ను ప్రింటర్ల అట్టపెట్టెల వెనక్కి పిలిచాడు. గొంతు తగ్గించాడు. "అమ్మ చెప్పింది వినలేదా మే? ఆ మూడు దినాలు ఎట్ల? పని పోగొట్టుకుంటావా?"

"పోగొట్టుకోను."

"ఎట్ల చేస్తావు మరి?"

"నేను చూసుకుంటా. మెడ నొప్పి తట్టుకోలేకపోతాండా," అన్నాను. మెడ నొప్పి నిజమే. ఆడవాళ్ళ నొప్పిని మందులషాపు దాకా ఒప్పుకుంటారు, అందుకే దాన్ని ముందు పెట్టాను. డబ్బు నా కార్డులదే కనుక ఆయన ఇంకేమీ అనలేకపోయాడు.

హాల్లో కిటికీ పక్కనున్న ఒంటి సోఫాను నేనూ శివానీ కలిసి వరండాలోకి తోశాం. ఆ జాగాలో టేబుల్ వేశాం. అత్త తెరకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. నా పని కోసం ఈ ఇంట్లో కొట్టిన మొదటి కాయ అది. ఆమె చేతులు చూస్తుంటే నాకు దిగులేసింది, రేపు ఈమెనే బాధపెట్టాలి కదా అని. నాకు జ్వరం వస్తే రాత్రంతా మేలుకునే మనిషి. ఆమె కూడా అదే వరండాలో ముప్పై ఏళ్ళు కూర్చుంది, చేతిలో ఏ పనీ లేకుండా.

తర్వాతి పది రోజులు నేను కుదురుగా లేను. కుర్చీలో కూర్చుంటే హాయిగా ఉంది, లేచి వెళ్ళి వస్తే కుర్చీ అక్కడే ఉంది, ఆ వింతకే ఒకటికి రెండుసార్లు లేచి చూసుకున్నాను. కానీ కళ్ళు క్యాలెండర్ మీదే. బియ్యం ఏరుతూ మాటలు కూర్చుకున్నాను, తిరగమోత మాడ్చాను, ఒక పెళ్ళికొడుకును తన అన్న పెళ్ళి కార్డులో పెట్టి యేసుప్రసాద్ చేత తిట్లు తిన్నాను. ఆ తిట్లు కూడా మా ఆయనకే చెప్పాడు. ముట్టయిందని చెప్పకుండా ఉంటే ఎవరికి తెలుస్తుంది అని కూడా అనుకున్నాను. స్నానం చేసి మామూలుగా తిరిగితే సరి. ఎంతమంది అలా నెట్టుకురావడం లేదు. ఒకరోజు అలాగే చేద్దామని నిశ్చయించుకున్నాను కూడా. అప్పుడే శివాని నా భుజం మీదుగా తెర చూస్తూ మెల్లగా అడిగింది. "అమ్మా, నాకు అయితే చెప్పకుండా దాచిపెట్టేదా?"

నా నిశ్చయం అక్కడికక్కడే చెదిరిపోయింది. దాచుకోవడం నేర్పిస్తే అది కూడా ఒక వరండానే.

బుధవారం పొద్దున ముట్టయింది. అత్త లెక్క ఎప్పుడూ తప్పదు, ముందురోజే చాప, పళ్ళెం, గ్లాసు వరండాలో పెట్టి ఉన్నాయి. నేను తలకు పోసుకుని, తడి జుట్టు ముడి వేసుకుని, హాల్లోకి వచ్చి కుర్చీలో కూర్చుని స్విచ్ వేశాను. మూడు రోజుల వంట సెలవు ఈ దెబ్బతో పోతుందని తెలుసు. ఈ ఆచారంలో నాకు దొరికిన మేలు అదొక్కటే. తెలిసే కూర్చున్నాను.

అత్త పూలబుట్టతో పెరట్లోంచి వచ్చి ఆగింది. "యామినీ, ఈ పొద్దు గదా?"

"అవునత్తా. ఈ పొద్దే."

"మరి ఈడ కూచున్నావేమి?"

"పని ఉండాది. ఈ మూడు దినాలూ ఈడనే కూచుంటా."

ఆమె నన్ను తిట్టలేదు. బుట్ట కింద పెట్టి, గోడ పట్టుకుని, కొడుకును పిలిచింది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. ఆమె ముఖం చూశాడు, నా ముఖం చూశాడు, విషయం అర్థమైంది. శివాని బడి సంచీ తగిలించుకుని గుమ్మంలో నిలబడింది, కదలడం లేదు.

"లేయి మే," అన్నాడు మెత్తగానే. "అమ్మ పెద్దామె. మూడు దినాలే గదా, వరండాలో కూచో."

"పని ఈడుంది."

ఆయన టేబుల్ కిందికి వంగి చూశాడు. డబ్బా, యూపీఎస్, గోడలోకి పోయిన వైర్లు. ఏది పీకాలో, ఏది ఎత్తాలో తెలియక నడుం మీద చేయి పెట్టుకుని లేచాడు. ఆయనకు విసుగొచ్చింది.

"ఆ పొద్దే చెప్తి నేను, ల్యాప్‌టాప్ తీసుకోమని. తీసుకోనుంటే ఈ తంటా వచ్చునా?"

"రాదు," అన్నాను. "అందుకే తీసుకోలే."