అప్పగింత కాగితం

విడాకులైతే వచ్చాయి గానీ, పిల్లలు ఎప్పుడు ఎవరి దగ్గరుండాలన్నది మాత్రం తేలలేదు. అది తేల్చుకోవడానికే మధ్యవర్తి మేడమ్ గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అతను రికార్డుల గుమాస్తా. మూడు పేజీలు ముచ్చటగా టైపు చేసి తెచ్చాడు. ఆమె సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చేసింది.

అతని పేజీల సారం ఒక్కటే: ఎనిమిదేళ్ల కూతురు అతని దగ్గర, నాలుగేళ్ల బుడ్డోడు ఆమె దగ్గర. చెరొకరు, గొడవ వదిలిపోతుందట. తెల్లారకుండానే స్టీరింగు పట్టుకునే మనిషి ఇద్దరినేం చూసుకుంటుందని పైగా ఓ సన్నాయి నొక్కు. ఆమెకి ఒళ్లు మండిపోయింది. పిల్లలేమన్నా చెప్పుల జతా, చెరొకటి పట్టుకుపోవడానికి! అయినా పళ్లు బిగబట్టి తన చార్టు బల్ల మీద పెట్టింది. ఆమెకి పొద్దుటి డ్యూటీ ఉన్న వారాలు పిల్లలిద్దరూ అతని దగ్గర, మిగతా వారాలు ఇద్దరూ ఆమె దగ్గర. అతను దానివంక కన్నెత్తి చూస్తే ఒట్టు.

అప్పుడు సంచిలోంచి ఇంకో కాగితం తీసింది. వాళ్ల డిపోలో బస్సు చేతులు మారేటప్పుడు దిగే డ్రైవరు ఒక కాగితం నింపి ఎక్కే డ్రైవరుకివ్వాలి: ఏ అద్దం వదులు, ఏ తలుపు మొరాయిస్తుంది. అలాంటి గళ్లే పిల్లల కోసం గీసుకొచ్చింది. కూతురి వరస తనే నింపింది. బుడ్డోడి వరస ఖాళీగా వదిలి అతని ముందుకు తోసింది.

తొమ్మిదేళ్లు కాపురం చేసిన మనిషి ఆమెకి తెలియదా? ఖాళీ గడి కనిపిస్తే అతని చెయ్యి ఊరుకోదు. ఆస్పత్రిలో పక్కవాళ్ల ఫారాలు కూడా నింపిపెట్టిన ఘనుడు. అనుకున్నట్టే కలం తీశాడు. చెవిపోటు మందు, పాలలో మీగడ గిట్టదు, ఉరుమంటే భయం. నిద్ర అన్న గడి కూడా గబగబా నింపేశాడు. నింపాకే కలం ఆగింది.

మేడమ్ కాగితం తనవైపు తిప్పుకుని పైకి చదివింది.

"అక్క జడ పట్టుకుంటే గాని నిద్రపోడు."



"ఆయన చేత్తో ఆయనే రాశారు మేడమ్," అంది ఆమె. "ఆ జడ ఏ ఇంట్లో ఉంటే వాడూ ఆ ఇంట్లోనే. వారాలు పంచుకుంటాను. పిల్లల్ని మాత్రం పంచుకోను, ఎన్ని కోర్టులెక్కించినా సరే."

అతను మూడు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. సోమవారం ఇద్దరినీ ఎన్నింటికి తీసుకెళ్లాలని అడిగాడు.

"ముందు కింద తీసుకునేవారి గడిలో సంతకం పెట్టండి. అది లేకుండా మా డిపోలో బండి కదలదు."

పెట్టాడు. పెట్టి, అప్పగించేవారి గడి ఇంకా ఖాళీగా ఉందని వేలితో చూపించాడు. ఆమె అతని కలమే తీసుకుని, గడి పట్టనంత పెద్దగా సంతకం పెట్టింది.