ముందు సంతకం

దుబాయ్‌లో ఉన్న మా బావమరిది బాబీకి మార్చిలో ఉద్యోగం పోయింది. నెల తిరక్కుండానే అక్కడి ఇన్సూరెన్సు వాళ్ళు జీతంలో సగం పైనే ఖాతాలో వేశారట. మూడు నెలలు వేస్తారట. ఆ సంగతి చెప్పడానికి నాకు ఫోన్ చేసి, మీరూ క్లెయిమ్ చేసెయ్యండి బావా, మొహమాటమెందుకు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. దోహా దుబాయ్ కాదురా, ఇక్కడ మనలాంటి పరాయివాళ్ళకి ఉద్యోగం పోతే ఇచ్చే భత్యమంటూ ఏదీ లేదు, ఉన్నదల్లా కార్మికుల ఫండ్ ఒక్కటే, అదైనా కంపెనీ జీతం ఎగ్గొట్టిందని లేబర్ కమిటీ తేలిస్తేనే వస్తుంది అన్నాను. అయితే అదే క్లెయిమ్ చెయ్యండి మరి అన్నాడు. చెప్పేవాడికేం, వెయ్యి చెబుతాడు. ఫోన్ పెట్టేశాను.

ఆ ఫండ్‌కీ నాకూ మధ్య ఒక కాగితం అడ్డం ఉందని వాడికి చెప్పలేదు. దాని మీద సంతకం నాదే.

లుసైల్‌లో టవర్లు కట్టే ఒక కాంట్రాక్టు కంపెనీలో నేను తొమ్మిదేళ్ళు అడ్మిన్ ఆఫీసర్ని. పేరు గొప్పే గానీ పనిలో సగం సంతకాలు పెట్టించడం. పని ముగిసి ఇంటికి పోయే ప్రతి కార్మికుడూ ఆఖరి రోజు నా టేబుల్ దగ్గరికి రావాలి. తనకు రావలసిన జీతం, గ్రాట్యుటీ అంతా నగదుగా ముట్టింది, ఇక కంపెనీ మీద తనకే హక్కూ లేదు అని అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టాలి. ముందు సంతకం, తరవాత డబ్బు. అది మా కంపెనీ ఆచారం. కాగితం అకౌంట్స్‌కి వెళితేనే డబ్బు కదులుతుందని పైవాళ్ళు నాకు చెప్పేవారు, నేను కిందివాళ్ళకు చెప్పేవాణ్ణి. చాలామందికి డబ్బు ముట్టేది. ముట్టనివాళ్ళు ఆ సంగతి తెలిసేసరికి ఇంటి దగ్గర ఉండేవారు.

మొన్న జనవరిలో కంపెనీ మూతపడింది. మేనేజరు నన్ను పిలిచి అదే కాగితం నా ముందుకు తోశాడు. దాని ఇంగ్లీషు రాసింది నేనే, ఒక్క కామా కూడా మారలేదు. నాలుగు నెలల జీతం, తొమ్మిదేళ్ళ గ్రాట్యుటీ ఒక్క రియాల్ కూడా అందకుండానే, అంతా ముట్టిందని సంతకం పెట్టేశాను. రెండు వందల పైచిలుకు మంది చేత పెట్టించినవాణ్ణి, నాకు తెలియదా? తెలుసు. కానీ నేను ఆఫీసువాణ్ణి, కార్మికుల క్యాంపువాణ్ణి కాదు, నాకెందుకు ఎగ్గొడతారు అనుకున్నాను. ఎవరు తీసిన గోతిలో వారే పడతారనే సామెత నాలాంటి వెధవని చూసే పుట్టించి ఉంటారు. చదువుకున్నవారు, చదవకుండా ఎలా పెట్టారండీ అని అడిగింది మా ఆవిడ అరుంధతి. చదివే పెట్టానని ఆవిడకి చెప్పలేదు.

ఇక్కడ నాకు బ్యాంకు అప్పుంది. అది తీరితే గానీ దేశం దాటలేను. ఆ డబ్బొస్తే అప్పు కట్టి ఇంటికి పోతాను, రాకపోతే ఇక్కడే ఉండిపోతాను. అల్ వుకైర్‌లో ఇల్లు ఖాళీ చేసి అరుంధతినీ మా అమ్మాయి తన్మయినీ కాకినాడ పంపించేశాను. నేను అల్ సద్‌లో ఒక క్లినిక్ వెనక గదిలో మంచం అద్దెకు తీసుకున్నాను. గదిలో మరో ముగ్గురున్నారు, ఒక్కొక్కరిదీ ఒక్కో షిఫ్టు. ఒకడు లేచేసరికి ఇంకొకడు పడుకుంటాడు, అందువల్ల ఎవరూ ఎవరితోనూ మాట్లాడకూడదు. ఎనిమిదేళ్ళు మా ఇంట్లో వినాయక చవితి ఉండ్రాళ్ళు తిన్న శ్రీరామమూర్తి గారు సూపర్‌మార్కెట్లో కనిపించి, కలుద్దాం కలుద్దాం అంటూనే కందిపప్పు ప్యాకెట్ వెనక ఏదో చదవడం మొదలుపెట్టారు. ఉద్యోగం పోవడం అంటురోగం కాబోలు. ఒకసారి బస్సు దిగుతూ డ్రైవరుకి థాంక్స్ చెబుదామని షుక్రన్ అంటే గొంతు బొంగురుగా వచ్చింది. అప్పుడు తెలిసింది, మూడు రోజులుగా నేను ఎవరితోనూ మాట్లాడలేదని. ఒంటరివాణ్ణయిపోయాను. అది చెప్పుకోవడానికి సిగ్గుపడే వయసు కూడా దాటిపోయింది.

కమిటీ ముందు మొదటిసారి కూర్చున్నప్పుడు కంపెనీ లాయరు ఆ కాగితమొక్కటే బయటికి తీశాడు. అధికారి అడిగినవి నాకు తెలుగులో చెప్పిన దుబాసీ పేరు కహకషాన్, హైదరాబాదు అమ్మాయి. ఆ ఉర్దూ యాస తెలుగు వింటే ప్రాణం లేచొచ్చింది గానీ, ఆమె చెప్పినవి మాత్రం ప్రాణం తీసే మాటలు. సంతకం మీదేనా అన్నారు. నాదే. డబ్బు ముట్టలేదనడానికి రుజువేమిటన్నారు. బ్యాంకు స్టేట్‌మెంటు చూపించాను. నగదు బ్యాంకులో కనపడదు కదా అన్నాడు లాయరు. కాగితంలో ఆ 'నగదుగా' అనే మాట లేకపోతే బాగుండదని నాలుగేళ్ళ కిందట చేర్పించిన తెలివైనవాణ్ణి నేనే. డబ్బివ్వకుండా ముందే సంతకం తీసుకోవడం ఆ కంపెనీలో అలవాటని చెప్పే సాక్షి ఎవరైనా ఉంటే వచ్చే మంగళవారం తీసుకురమ్మన్నారు.

ఆఫీసులో నాతో టీలు తాగినవాళ్ళు ఐదుగురు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. ముగ్గురు ఫోన్ ఎత్తలేదు, ఓనరు కొత్తగా పెట్టిన కంపెనీలో చేరారని తరవాత తెలిసింది. ఒకడు ఎత్తి సిగ్నల్ లేదన్నాడు. ఐదోవాడు ఓర్పు గురించి చెప్పాడు. ఇక మిగిలింది జలంధర్.

జలంధర్ షట్టరింగ్ కార్పెంటర్, జగిత్యాల వైపు పల్లె. అంతమందిలో నా టేబుల్ దగ్గర సంతకం పెట్టనివాడు అతనొక్కడే. పద్నాలుగు నెలల కిందట, పైసలు ముందు సార్, అని పెన్ను టేబుల్ మీద పెట్టేశాడు. నేను వరసలో ఉన్న అందరూ వినేలా కేకలేశాను. నీకొక్కడికే వచ్చిందా తెలివి అన్నాను. అతను కమిటీకి వెళ్ళాడు, గెలిచాడు, తన డబ్బు తెచ్చుకుని వేరే కంపెనీలో చేరాడు.

శుక్రవారం పొద్దున రెండు బస్సులు మారి అతని క్యాంపుకి వెళ్ళాను. తొమ్మిదేళ్ళలో క్యాంపు గదిలో అడుగుపెట్టడం అదే మొదలు. జలంధర్ దుప్పటి సర్ది తన మంచం మీద కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. గదిలో మిగతావాళ్ళు మాటలాపి ఒక్కొక్కరే బయటికి వెళ్ళిపోయారు. సంగతంతా చెప్పి, మీరు తప్ప నాకెవరూ లేరు జలంధర్ గారూ అన్నాను.

"గారు గీరు అద్దు సార్," అన్నాడు. "కొత్తగ అనిపిస్తంది."

నా చేతిలోంచి ఖాళీ గ్లాసు అందుకున్నాడు. తరవాత అడిగాడు.

"నర్సింగ్ యాదికున్నడా సార్?"

లేదన్నాను. అబద్ధమాడే ఓపిక లేదు.

జలంధరే చెప్పాడు. నర్సింగ్ ప్లాస్టరింగు మేస్త్రీ, వీళ్ళ పక్క ఊరు. ఆ రోజు వరసలో జలంధర్‌కు ముందు నిలబడ్డది అతనే. మధ్యాహ్నం ఫ్లైటు. సంతకం పెట్టకపోతే టికెట్టు చేతికి రాదని నేనే అన్నానట. పెట్టాడు, వెళ్ళాడు, డబ్బు రాలేదు. ఇంటి దగ్గర్నుంచి నాలుగు నెలలు నాకు ఫోన్లు చేశాడట. అది వినగానే గుర్తొచ్చాడు. మొహం కాదు, గొంతు. ఎత్తిన ప్రతిసారీ మొదట నా ఆరోగ్యం అడిగేవాడు. కాగితం మీద నీ సంతకం ఉంది కదయ్యా, నేనేం చెయ్యను అని చెప్పి పెట్టేసేవాణ్ణి. చివరికి విసుగొచ్చి ఆ నంబరు బ్లాక్ చేశాను.

"నేనస్త సార్," అన్నాడు జలంధర్. "కని మీరు సంతకం పెట్టంగ నేను సూళ్ళే. నర్సింగ్ పెట్టంగ సూసిన. మీరు పెట్టియ్యంగ సూసిన. గదే చెప్త."

అంతకన్నా ఏం కావాలి అన్నాను. బస్సెక్కాక బుర్ర పనిచేసింది. అతను చెప్పేది నిజమని నేను ఒప్పుకుంటేనే నా కాగితం చెల్లకుండా పోతుంది. ఒప్పుకుంటే ఇన్ని వందల మందిని మోసం చేసిన చెయ్యి నాదేనని రాసుకుంటారు. డబ్బు రావడం అటుంచి నన్నే లోపల పెడితే? భయం వేసి అరుంధతికి ఫోన్ చేశాను, మొదటిసారి మొత్తం చెప్పాను.

"ఆ జీతంతోనే కదండీ మనం తిన్నది," అంది. తరవాత పొయ్యి మీద కూర ఉందని పెట్టేసింది. ఆ వారమంతా తనంతట తాను ఫోన్ చెయ్యలేదు.

మంగళవారం జలంధర్ సగం రోజు జీతం వదులుకుని వచ్చాడు. చేతులు కట్టుకోకుండా, తల వంచకుండా, చూసింది చూసినట్టు చెప్పాడు. నా గురించి ఒక్క చెడ్డ మాట కలపలేదు, ఒక్కటి తగ్గించనూ లేదు. అధికారి నా వైపు తిరిగాడు. ఈయన చెప్పేది నిజమేనా అని కహకషాన్ అడిగింది. అడిగేటప్పుడు నా మొహం చూడలేదు.

"నిజమే," అన్నాను. "పెట్టించింది నేనే. డబ్బివ్వకుండానే పెట్టించాను."

ఎంతమంది చేత అన్నారు. రెండు వందల పైనే, లెక్క పెట్టుకోలేదు అన్నాను. లాయరు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. అరగంట బయట కూర్చోబెట్టి మళ్ళీ పిలిచారు. ఆ కాగితం చెల్లదన్నారు. నాకు రావలసింది కంపెనీ ఇవ్వాలి, ఇవ్వకపోతే ఫండ్ ఇస్తుంది. నన్నెవరూ లోపల పెట్టలేదు. సంతోషం వేసింది, లేదనడమెందుకు. కాకినాడ ఇంటి తలుపు కళ్ళ ముందు కనిపించింది.

లేచి వస్తుంటే జలంధర్ ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. అతను అడగలేదు గానీ నేనే వెనక్కి వెళ్ళి కహకషాన్‌ని అడిగాను. నర్సింగ్ అని ఒకతను, అతని కాగితం కూడా ఇలాంటిదే, నేను వచ్చి సాక్ష్యం చెబుతాను, అతని కేసు వేయొచ్చా అన్నాను. ఆమె అధికారిని అడిగి వచ్చింది. పని ముగిసిన ఏడాదిలోపు వెయ్యాలట సార్, ఆయన వెళ్ళి పద్నాలుగు నెలలైంది కదా అంది. నేను నంబరు బ్లాక్ చేసిన రోజుకి ఇంకా ఎనిమిది నెలల గడువుంది. అలా వదిలెయ్యకు, కమిటీకి రాయి అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఆ మాటకి నాకు ఖర్చేమీ అయ్యేది కాదు.

జలంధర్ అంతా విన్నాడు. ఆవరణలోకి వచ్చాక తన ఫోన్లో నంబరు నొక్కి నా చేతిలో పెట్టాడు.

"మీరే చెప్పుండ్రి సార్. నాతోని కాదు."

నా పేరు చెప్పాను. పానం మంచిగున్నదా సార్ అని అడిగాడు నర్సింగ్. నేను అసలు సంగతి మొదలుపెట్టాను. ఇప్పుడైతే నేనే సాక్ష్యం చెప్పగలనని, కానీ గడువు దాటిపోయిందని, అది దాటడానికి కారణం కూడా నేనేనని చెప్పాను. క్షమించమని అడగలేదు. అడిగితే అతను క్షమిస్తాడని తెలుసు.

"మరి మీయి అచ్చినయా సార్?"

"వస్తాయి," అన్నాను. "ఇవాళే ఒప్పుకున్నారు."

"మంచిగైంది సార్. ఇగ ఇంటికి పోండ్రి. పిల్లలు సూస్తుంటరు."

తిట్టినా బాగుండేది. నా జీవితంలో నాకు ఎవరూ అంత బరువైన మాట చెప్పలేదు. జలంధర్ ఫోన్ తీసుకుని, డ్యూటీ ఉన్నది సార్ అని చెప్పి బస్టాపు వైపు నడిచాడు. రెండు నిమిషాల్లో బస్సొచ్చింది. నేను ఎక్కాల్సిందీ అదే. అతనెక్కి, కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద పెట్టిన తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తలుపు కాసేపు తెరిచే ఉంది. నేను ఎక్కలేకపోయాను.