మెరిసే అతుకు

దగ్గరికి జరగండర్రా. ఆ తలుపు ఓరగా వేసి, కాళ్లు ముడుచుకుని కూర్చోండి. ఇది ఇద్దరు తోటికోడళ్ల కథ. ఇంట్లో ఒకే పొయ్యి, పనిలో ఒకే బల్ల వాళ్లది.

ఆ మధ్యాహ్నం అన్నం డబ్బాల మూతలింకా తీయలేదు. సర్క్యూట్ బోర్డులు అతికే ఆ గదిలోకి రెండు అట్టపెట్టెలు తిరిగొచ్చాయి. పోయిన నెల పంపిన సరుకే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను వెచ్చగా పడుకోబెట్టే పెట్టెలుంటాయే, వాటిలో బిగించే బోర్డులవి. ఒక ఆసుపత్రిలో వేడి ఉన్నట్టుండి ఆగిపోయిందట. నర్సు చెయ్యి పెట్టి చూసింది కాబట్టి సరిపోయింది. లేకపోతే... ఆ మాట నా నోటితో అనలేను.

ఆ వేడి ఎందుకు ఆగిందో పెద్దకోడలికి తెలుసు.

ఆ గదిలో కరిగించి అతుకు పెట్టే సోల్డర్ తీగ రెండు రకాలు. సీసం కలిసిన పాతది ఎర్ర చుట్ట, సీసం లేని కొత్తది పచ్చ చుట్ట. పాతది తక్కువ వేడికే వెన్నలా కరిగి అద్దంలా మెరుస్తుంది. కొత్తది మొండిఘటం, వేడి ఎక్కువ కావాలి, అతుకు ఎంత బాగా కుదిరినా బూడిద పూసినట్టుంటుంది. పెద్దకోడలు పని నేర్చుకున్నది పాత తీగతోనే. తోటికోడలిని తెచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నప్పుడు చెప్పిందీ అదే: "మెరవాలే చెల్లీ. మెరవలేదా, మళ్లీ చెయ్యి."

తర్వాత బోర్డు మీద అతికే భాగాలు సీసం లేనివి వచ్చాయి, వాటికి తగ్గట్టు పచ్చ చుట్టా వచ్చింది. పాఠం మాత్రం పాతదే. తన అతుకులు మసకబారి కనిపిస్తుంటే చిన్నకోడలికి సిగ్గేసింది. ఒకనాడు ఎర్ర చుట్టలోంచి కాస్త తీగ తీసి పైన పూత పెట్టింది. నిగనిగలాడిపోయింది. ఆ గదిలో పని చూసుకునే మేస్త్రీ తిడతాడనుకుంటే, "చూడండమ్మా, పనితనమంటే ఇదీ!" అని పొగిడాడు. పచ్చ తీగ ఖరీదు ఎర్రదానికి రెట్టింపు మరి. ఆ వారమే పచ్చ చుట్టలు బీరువాలోకి పోయాయి, తాళం పడింది. తీగను కరిగించే ఐరన్ల వేడి తగ్గించి అందరిచేతా పాత తీగతోనే అతికించాడు.

ఇప్పుడు యజమాని వచ్చి, ఒక బోర్డు తీసి, సూదితో అతుకును మీటాడు. టప్పున ఊడింది.

"పైది కరిగింది. భాగం కాలికున్న కొత్త లోహం కరగనే లేదు. రెండూ కలవలేదు," అన్నాడు.

"మన మేస్త్రీగారి జుట్టులాగే ఉందండీ! పైన నలుపు, కింద తెలుపు," అంది మూలనుంచి రేడియో. ఆవిడ నోరు ఆగదని అందరూ అలాగే పిలుస్తారు. కిసుక్కుమన్న నవ్వులు యజమాని మొహం చూసి ఆగిపోయాయి.

"ఎవరు మొదలుపెట్టారిది?"

"ఆ చిన్నమ్మాయండీ," అన్నాడు మేస్త్రీ, రెప్ప కూడా వాల్చకుండా.

యజమాని పెద్దకోడలి వైపు తిరిగాడు. "తెచ్చింది నువ్వే కదమ్మా. నిజమేనా?"

అబద్ధమైతే కాదనేసేది. నిజం కావడమే చిక్కు.

"ఈ పిల్లను ఇంటికి పంపేస్తాను, గొడవ వదిలిపోతుంది. నువ్వు వీటికి మళ్లీ ఓసారి మెరుపు పెట్టు. సాయంత్రానికి బండెక్కాలి."

"మళ్లీ ఎర్రదేనా అయ్యా?"

"పచ్చదానితో చెయ్యాలంటే భాగాలన్నీ పీకి మొదట్నించీ రావాలి. ఎవరు భరిస్తారు?"

రెండు జీతాలు కలిస్తేగాని ఆ ఇంటి అద్దె గట్టెక్కదు. ఒకటైనా మిగుల్చుకోవాలి కదా అనుకుంది. పక్కకు చూసింది. చిన్నకోడలి చేతిలో ఐరన్ ఇంకా అలాగే ఉంది. వణక్కుండా చిటికెన వేలు బల్లకు ఆనించి పట్టుకుంది. అలా పట్టుకోవడం నేర్పింది తనే.

"మొదలుపెట్టింది అదేనండీ," అంది పెద్దకోడలు. "మెరవాలని దాన్ని చంపుకుతిన్నది నేను. మరి బీరువాకి తాళమేసింది మా ఇద్దరిలో ఎవరూ కాదే!"

"ఏయ్, నోరు!" అన్నాడు మేస్త్రీ.

"ఉండండి మేస్త్రీగారూ. అయ్యా, ఆ పెట్టెలో రేపు ఇంకో బిడ్డని పడుకోబెడతారు. నా చెయ్యి రాదు."

ఐరన్‌ను స్టాండులో పెట్టి ప్లగ్గు పీకేసింది.

"ఇంటికెళ్లి మీ అత్తకేం చెప్తావ్?" అన్నాడు యజమాని.

"ఆవిడచేత తిట్లు తినడం నాకు అలవాటేలెండి."

చిన్నకోడలు కళ్లు తుడుచుకుని తన ప్లగ్గూ పీకింది. ఎదురు బల్ల దగ్గర రేడియో చేతిలోని ఐరన్ బోర్డుకూ స్టాండుకూ మధ్య ఆగిపోయింది, మొన నుంచి సన్నగా పొగ లేస్తోంది. ఆవిడ నోట మాట లేకపోవడం అందరూ అప్పుడే చూశారు. బీరువా తాళంచెవి మేస్త్రీ నడుముకు వేలాడుతూనే ఉంది.

రేడియో ఐరన్ ఎటు దిగిందని నన్నడక్కండి. ఇక్కడిదాకా గుర్తుపెట్టుకుని, మీ పక్కన కూర్చుని పనిచేసేవాళ్లకు చెప్పండి. అప్పుడు వాళ్ల చేతులు ఎటు కదులుతాయో చూడండి.